అర్థశాస్త్ర పట్టా – ఉపాధ్యాయ శిక్షణ: సమన్వయ సమస్యలు, అవకాశాలు

వ్యాససంగ్రహం

అర్థశాస్త్రంలో పట్టా, పాఠశాల ఉపాధ్యాయ శిక్షణ అనే రెండు చదువులు భారతదేశంలో చాలాకాలంగా వేర్వేరు సంస్థల్లో, వేర్వేరు కాలాల్లో సాగుతున్నాయి. నాలుగేళ్ల సమీకృత కోర్సులు ఈ రెండింటినీ ఒకచోటికి తెస్తున్నాయి. అయితే రెండు పట్టాలు ఒకే ధ్రువపత్రంలో చేరినంత మాత్రాన రెండు జ్ఞానాలు కలిసినట్లు కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నత పాఠశాల, జూనియర్ కళాశాల నియామకాలు వేర్వేరు అర్హతలపై ఆధారపడటం వల్ల బోధనాశిక్షణ పొందినవారికి అర్థశాస్త్ర నేపథ్యం తప్పనిసరి కావడం లేదు. అర్థశాస్త్రాన్ని లోతుగా చదివినవారికి బోధనాశిక్షణ తప్పనిసరి కావడం లేదు. ఈ పరిస్థితిని వివరించి, భావనల బోధన స్థాయిలో రెండు చదువులు ఎక్కడ కలవాలో నిర్దిష్ట ఉదాహరణలతో సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: అర్థశాస్త్ర బోధన, ఉపాధ్యాయ విద్య, సమీకృత బి.ఎడ్., విషయనిష్ఠ బోధనాజ్ఞానం, సాంఘికశాస్త్రం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

పాఠశాలలో అర్థశాస్త్రం ప్రత్యేక పీరియడుగా కనిపించదు. పదవ తరగతి వరకు అది సాంఘికశాస్త్రంలో ఒక భాగం. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలతో పాటు ఉత్పత్తి, ఉపాధి, ధరలు, రుణం, ప్రభుత్వ బడ్జెట్ వంటి అంశాలను ఒకే ఉపాధ్యాయుడు బోధిస్తాడు. ఇంటర్మీడియట్‌లో మాత్రం సి.ఇ.సి., ఎం.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపుల విద్యార్థులకు అర్థశాస్త్రం స్వతంత్ర విషయం అవుతుంది.

డిగ్రీలో అర్థశాస్త్రం చదివి ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకునే అభ్యర్థి ఈ రెండు స్థాయిల మధ్య నిలబడతాడు. అతను చదివిన శాస్త్రం ఒకటి, బోధించవలసిన విషయం దానికంటే విస్తృతమైనది. పట్టా అతనికి వ్యాకోచత్వాన్ని గణించడం నేర్పుతుంది, బి.ఎడ్. పాఠ్యపథకం రాయడం నేర్పుతుంది. తొమ్మిదవ తరగతి పిల్లవాడికి ధర అంటే ఏమిటో ఎలా అర్థం చేయించాలన్న ప్రశ్న ఈ రెండింటి మధ్య మిగిలిపోతుంది. ఈ వ్యాసం పరిశీలించేది ఆ మిగిలిన ప్రశ్ననే.

2. రెండు చదువుల కలయిక: నేపథ్యం

విషయశాస్త్రాన్నీ బోధనాశిక్షణనూ కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1961లో ఏర్పడిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులలో ప్రాంతీయ విద్యా కళాశాలలను స్థాపించింది. ఇంటర్ తరువాత నాలుగేళ్లపాటు విషయాన్నీ బోధననూ ఒకే ప్రాంగణంలో నేర్పే కోర్సులు వాటి ప్రత్యేకత. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఉపాధ్యాయ విద్య విశ్వవిద్యాలయాల విద్యాజీవితం నుంచీ, పాఠశాలల నుంచీ, తన సొంత శాఖల నుంచీ కూడా ఒంటరిగా ఉండిపోయిందని గుర్తించింది. అయినా దేశంలో ఎక్కువమంది నడిచిన దారి మూడేళ్ల డిగ్రీ, ఆపైన విడిగా బి.ఎడ్. అన్నదే.

ఉపాధ్యాయ విద్యపై జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. తరువాత జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బి.ఎడ్.ను రెండేళ్లకు పెంచాయి. పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 20 వారాలు కేటాయించాయి. దీనితో డిగ్రీ, బి.ఎడ్. కలిపి అయిదేళ్లయ్యాయి. జాతీయ విద్యావిధానం–2020 నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్.ను 2030 నాటికి పాఠశాల ఉపాధ్యాయులకు కనీస పట్టా అర్హతగా ప్రతిపాదించింది. ఇప్పటికే పట్టా పొందినవారికి రెండేళ్ల కోర్సును, నాలుగేళ్ల పట్టా లేదా స్నాతకోత్తర పట్టా ఉన్నవారికి ఏడాది కోర్సును కూడా ఆ విధానం సూచించింది. సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమం 2023–24లో ఎంపిక చేసిన సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. బి.ఎ. బి.ఎడ్. రూపంలో అర్థశాస్త్రాన్ని ప్రధాన విషయంగా తీసుకునే అవకాశం ఇక్కడే ఏర్పడుతుంది.

3. తెలుగు రాష్ట్రాల్లో రెండు దారులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అర్థశాస్త్ర పట్టభద్రుడి ముందు ప్రధానంగా రెండు బోధనా మార్గాలున్నాయి.

మొదటిది ఉన్నత పాఠశాల మార్గం. ఎడ్‌సెట్ ద్వారా బి.ఎడ్.లో చేరే అభ్యర్థులకు గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం, ఇంగ్లీషు విభాగాలున్నాయి. అర్థశాస్త్రానికి ప్రత్యేక విభాగం లేదు కాబట్టి అభ్యర్థి సాంఘికశాస్త్ర బోధనా పద్ధతిలో చేరతాడు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష రెండవ పేపరులోని 150 మార్కుల్లో 60 సాంఘికశాస్త్రానివే. అందులో అర్థశాస్త్రం ఒక భాగం మాత్రమే. ఆ తరువాత డి.ఎస్సీ. ద్వారా స్కూల్ అసిస్టెంట్ అవుతాడు.

రెండవది జూనియర్ కళాశాల మార్గం. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అర్థశాస్త్ర అధ్యాపక పదవికి సంప్రదాయంగా కావలసింది ఆ విషయంలో స్నాతకోత్తర పట్టా, బి.ఎడ్. అవసరం లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఇదే తరగతులకు బోధించే పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచరుకు మాత్రం ఎం.ఎ.తో పాటు బి.ఎడ్. కూడా ఉండాలి. పదహారు, పదిహేడేళ్ల విద్యార్థికి డిమాండ్ రేఖను తొలిసారి పరిచయం చేసే వ్యక్తికి బోధనాశిక్షణ అవసరమా అన్న ప్రశ్నకు ఒకే దేశంలో రెండు జవాబులున్నాయన్నమాట.

ఈ విభజన ఫలితం స్పష్టం. ఉన్నత పాఠశాలలో చరిత్ర, రాజనీతిశాస్త్రం చదివి బి.ఎడ్. చేసిన ఉపాధ్యాయుడు ద్రవ్యోల్బణం పాఠం చెప్పవలసి వస్తుంది. జూనియర్ కళాశాలలో స్థూల అర్థశాస్త్రం బాగా తెలిసిన అధ్యాపకుడు విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో గుర్తించే శిక్షణ లేకుండానే తరగతిలో అడుగుపెడతాడు. ఇది వ్యక్తుల సామర్థ్య లోపం కాదు, అర్హతల నిర్మాణంలో ఉన్న ఖాళీ.

డిగ్రీ స్థాయిలో వచ్చిన మార్పు ఈ ఖాళీకి మరో కోణాన్ని చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి డిగ్రీలో ఒకే ప్రధాన విషయ విధానం అమలులోకి వచ్చింది. అంతకుముందు హెచ్.ఇ.పి. గ్రూపులో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడింటినీ సమానంగా చదివిన విద్యార్థికి సాంఘికశాస్త్ర బోధన సహజమైన కొనసాగింపు. ఈ విధానంలో అర్థశాస్త్రాన్ని ప్రధానంగా తీసుకున్న విద్యార్థి ఆ శాస్త్రంలో మరింత లోతుకు వెళ్తాడు, మిగిలిన రెండింటిలో పరిచయం తగ్గుతుంది. కేంద్రీయ విద్యాలయాల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయ పదవికి చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలలో రెండు చదివి ఉండాలి. వాటిలో ఒకటి చరిత్ర గానీ భూగోళం గానీ అయి తీరాలి. కనుక ఉపాధ్యాయ వృత్తిని ఆశించే అర్థశాస్త్ర విద్యార్థి ఉపవిషయాన్ని ఎంచుకోవడం కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. అది వృత్తి అర్హతను నిర్ణయించే అంశం. ఈ సంగతి డిగ్రీ మొదటి సంవత్సరంలోనే విద్యార్థికి తెలియాలి.

4. విషయజ్ఞానానికీ బోధనకూ మధ్య

4.1 విషయనిష్ఠ బోధనాజ్ఞానం

అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రచురించిన వ్యాసంలో ఉపాధ్యాయుడికి విషయజ్ఞానం, సాధారణ బోధనా నైపుణ్యం మాత్రమే చాలవని వాదించాడు. ఒక విషయాన్ని నేర్చుకునేవారికి బోధపడేలా మార్చగల మూడవ జ్ఞానాన్ని అతను గుర్తించాడు. దాన్ని తెలుగులో విషయనిష్ఠ బోధనాజ్ఞానం అనవచ్చు. ఏ ఉపమానం సరిపోతుంది, ఏ ఉదాహరణ పెడదారి పట్టిస్తుంది, విద్యార్థి ఏ ముందస్తు అభిప్రాయంతో తరగతికి వస్తాడు అన్న ఎరుక ఇందులో భాగం.

అర్థశాస్త్రానికి ఈ ఎరుక ప్రత్యేకంగా అవసరం. రసాయనశాస్త్ర విద్యార్థికి పరమాణువుతో నిత్యజీవితంలో పరిచయం ఉండదు. ధర, వడ్డీ, లాభం, కూలి అనే మాటలు మాత్రం పిల్లలకు పుట్టినప్పటి నుంచీ వినబడుతూనే ఉంటాయి. కాబట్టి అర్థశాస్త్ర ఉపాధ్యాయుడు ఖాళీ పలక మీద రాయడు, అప్పటికే రాసి ఉన్న పలక మీద రాస్తాడు.

స్వీడన్‌లో లార్స్ ఊవె డాల్‌గ్రెన్, ఫెరెన్స్ మార్టన్ 1970లలో జరిపిన పరిశీలనలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. ఒక బన్నుకు సుమారు ఒక క్రౌన్ ధర ఎందుకు ఉంటుందని విద్యార్థులను అడిగారు. కొందరు ధరను బన్నులోనే ఉన్న విలువగా, అంటే పిండి, శ్రమ వంటి వాటి మొత్తంగా వివరించారు. మరికొందరు దాన్ని డిమాండ్, సప్లయిల సంబంధంగా చెప్పారు. విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర కోర్సు చదివిన తరువాత కూడా పలువురి వివరణ మొదటి రకంలోనే ఉండిపోయింది. పరీక్షలో రేఖాపటం గీయగలగడం, నిత్యజీవితంలోని ధరను ఆ రేఖాపటంతో అర్థం చేసుకోవడం వేర్వేరు సామర్థ్యాలని దీనివల్ల తెలుస్తుంది. పట్టా పొందిన అభ్యర్థికే ఈ ఖాళీ ఉండవచ్చు గనుక, శిక్షణ ముందుగా అతని సొంత అవగాహనను పరీక్షించాలి.

4.2 వాడుక మాట, శాస్త్ర పరిభాష

తెలుగు మాధ్యమంలో ఈ సమస్యకు భాషాపరమైన పార్శ్వం ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు పాఠ్యగ్రంథాలనూ పరిభాషనూ సమకూర్చింది. ఆ పరిభాషలో కొన్ని మాటలు పూర్తిగా కొత్తవి: వ్యాకోచత్వం, ఉపాంత ప్రయోజనం వంటివి. ఇవి వినగానే కష్టంగా తోచినా, విద్యార్థికి వీటిపై ముందస్తు అభిప్రాయం ఉండదు. అసలు కష్టం తెలిసినట్లే ఉండే మాటలతో వస్తుంది. కింది నాలుగు ఉదాహరణలు ఇందుకు నిదర్శనాలు.

అ) పెట్టుబడి: వాడుకలో బంగారం కొన్నా, ఇళ్ల స్థలం కొన్నా పెట్టుబడే. స్థూల అర్థశాస్త్రంలో పెట్టుబడి అంటే యంత్రాలు, భవనాలు, సరుకు నిల్వల వంటి మూలధన ఆస్తులకు కొత్తగా జరిగిన చేర్పు. ఉన్న స్థలం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారితే దేశానికి కొత్త మూలధనం చేరదు. రైతు మాటల్లో పెట్టుబడి అంటే విత్తనాలు, ఎరువులు, కూలీల ఖర్చు. పాఠ్యపుస్తకం దాన్ని నిర్వహణ మూలధనం అంటుంది. ఒకే మాటకు మూడు అర్థాలున్నాయని ముందే చెప్పకపోతే విద్యార్థి మూడింటినీ కలిపేస్తాడు.

ఆ) నిరుద్యోగం: ఊళ్లో నిరుద్యోగి అంటే చదువుకొని ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకుడు. శాస్త్రంలో పని చేయగలిగి, పనికి సిద్ధపడి, వెతుకుతూ కూడా పని దొరకనివారు నిరుద్యోగులు. ముగ్గురు చేయగల పొలంపనిని ఒకే కుటుంబంలోని అయిదుగురు చేస్తుంటే అందులో ఇద్దరిది ప్రచ్ఛన్న నిరుద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొలంలో కష్టపడే మనిషిని నిరుద్యోగి అంటే పిల్లలు ఒప్పుకోరు. ఆ అభ్యంతరమే పాఠానికి సరైన ఆరంభం.

ఇ) వడ్డీ: గ్రామాల్లో ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు ‘12 శాతం’ అంటే ఏడాదికి. రెండు అంకెలను పక్కపక్కన చూసిన పిల్లవాడికి 2 కంటే 12 ఎక్కువగా కనిపించడం సహజం. రుణం పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ముందు ఈ లెక్క తేల్చకపోతే సంస్థాగత రుణం ప్రాధాన్యం గురించి ఎంత చెప్పినా అది నినాదంగానే మిగులుతుంది.

ఈ) ద్రవ్యోల్బణం తగ్గడం: ఒక వస్తుసముదాయం ధర 100 రూపాయల నుంచి ఒక ఏడాదిలో 110కి, మరుసటి ఏడాదిలో 115.50కి చేరిందనుకుందాం. ద్రవ్యోల్బణం 10 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ ధరలు పెరిగాయి. ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అన్న వార్తను ‘ధరలు తగ్గాయి’ అని అర్థం చేసుకున్న విద్యార్థి, బజారులో తగ్గని ధరలను చూసి శాస్త్రమే అబద్ధమనుకుంటాడు. మట్టానికీ మార్పు రేటుకూ తేడా చెప్పడం గణిత పాఠం కాదు, అది అర్థశాస్త్ర బోధన.

అర్థశాస్త్ర పట్టభద్రుడికి ఈ నిర్వచనాలన్నీ తెలుసు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడికి పూర్వజ్ఞానాన్ని పరీక్షించాలన్న సూత్రం తెలుసు. ఏ భావన దగ్గర ఏ పూర్వజ్ఞానం అడ్డుపడుతుందో తెలిసినప్పుడే ఈ రెండూ కలుస్తాయి.

5. సమీకృత కోర్సు: లాభనష్టాలు

నాలుగేళ్ల కోర్సు వల్ల కలిగే మొదటి ప్రయోజనం కాలం. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బి.ఎడ్.తో పోలిస్తే ఒక ఏడాది ఆదా అవుతుంది. పేద కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి ఆ ఏడాది అంటే ఫీజు, హాస్టలు ఖర్చులు తగ్గడమే కాక ఒక ఏడాది సంపాదన ముందుగా చేతికి రావడం. రెండవ ప్రయోజనం అంతకంటే ముఖ్యం. డిగ్రీ రెండవ సంవత్సరంలో జాతీయాదాయం చదివిన విద్యార్థి అదే సంవత్సరం పాఠశాలకు వెళ్లి దాన్ని వివరించే ప్రయత్నం చేయగలడు. వరుస పద్ధతిలో బి.ఎడ్.కు వచ్చేసరికి డిగ్రీ పాఠాలు పాతబడి ఉంటాయి.

నష్టాలను కూడా లెక్కించాలి. ఇంటర్ పూర్తయిన పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులోనే వృత్తిని నిర్ణయించుకోవలసి వస్తుంది. మధ్యలో పరిశోధన వైపో, బ్యాంకింగ్ వైపో మనసు మళ్లిన విద్యార్థికి ఆ నిర్ణయం భారమవుతుంది. అర్థశాస్త్ర పరిభాషలోనే చెప్పాలంటే, ఆదా అయిన ఏడాదికి ఒక అవకాశ వ్యయం ఉంది.

రెండవ ప్రమాదం విషయగాఢత తగ్గడం. విద్యాశాస్త్ర పత్రాలకూ ఇంటర్న్‌షిప్‌కూ సమయం ఇచ్చే క్రమంలో గణాంకశాస్త్రం, గణిత పద్ధతుల వంటి పత్రాలు కుదించుకుపోతే, ఆ విద్యార్థి ఎం.ఎ. అర్థశాస్త్రంలో చేరినప్పుడు వెనుకబడతాడు. జూనియర్ అధ్యాపక పదవికి ఎం.ఎ. తప్పదు కనుక, సమీకృత కోర్సు పాఠశాల తలుపు తెరిచి కళాశాల తలుపు మూసే ప్రమాదం ఉంది. ప్రణాళికా రూపకర్తలు పరిమాణాత్మక పత్రాలను కోర్సు అంతర్భాగంగా కాపాడితే ఈ చిక్కు తప్పుతుంది.

6. సమన్వయం జరగవలసిన చోట్లు

కోర్సు వరుసదైనా, సమీకృతమైనా మూడు చోట్ల అర్థశాస్త్రమూ బోధనాశిక్షణా కలిసి తీరాలి.

6.1 భావనా విశ్లేషణ పత్రం

సాంఘికశాస్త్ర బోధనా పద్ధతిలో అర్థశాస్త్ర భావనలకు ప్రత్యేక యూనిట్ అవసరం. ఉదాహరణకు అంతిమ వస్తువుల లెక్క. రైతు 2,000 రూపాయలకు ధాన్యం అమ్మాడు. మిల్లరు ఆ బియ్యాన్ని 2,600 రూపాయలకు హోటలుకు అమ్మాడు. హోటలు ఆ బియ్యంతో చేసిన టిఫిన్లను 4,000 రూపాయలకు అమ్మింది. మరే ముడిసరుకూ లేదనుకుంటే స్థూల దేశీయోత్పత్తికి చేరేది 4,000 మాత్రమే. మూడింటి మొత్తం 8,600 కాదు. ‘మిల్లరు కూడా అమ్మాడు కదా, అది ఎందుకు లెక్కకు రాదు?’ అని విద్యార్థి అడుగుతాడు. నిర్వచనం చదివి వినిపిస్తే ఆ ప్రశ్న తీరదు. ఒక్కొక్కరు చేర్చిన విలువను 2,000, 600, 1,400గా విడదీసి కూడి చూపితే, మిల్లరు శ్రమ లెక్కలోకి వచ్చిందనీ రెండుసార్లు రాలేదనీ విద్యార్థే గ్రహిస్తాడు. ఇటువంటి ప్రశ్నలనూ వాటికి సరిపోయే వివరణలనూ సేకరించి చర్చించడమే ఈ పత్రం పని.

6.2 ఇంటర్న్‌షిప్‌లో స్థానిక ఆర్థికవ్యవస్థ

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం–2005 తరువాత వచ్చిన తొమ్మిదవ తరగతి జాతీయ పాఠ్యపుస్తకం పాలంపూర్ అనే కల్పిత గ్రామంతో ఉత్పత్తి కారకాలను పరిచయం చేసింది. తెలుగు రాష్ట్రాల పుస్తకాల్లో రాంపురం గ్రామ ఆర్థికవ్యవస్థ పాఠం అదే పని చేసింది. కల్పిత గ్రామం ఒక నమూనా మాత్రమే. గోదావరి డెల్టాలో విస్తృతంగా ఉన్న కౌలు సాగును చూసిన పిల్లలకు భూమి ఒకరిది, శ్రమ, నష్టభయం మరొకరివి అన్న విషయం అనుభవంలో ఉంటుంది. మెట్టప్రాంతపు పిల్లలకు బోరుబావి ఖర్చే స్థిర మూలధనానికి దగ్గరి ఉదాహరణ.

ఇరవై వారాల ఇంటర్న్‌షిప్‌లో ఛాత్రోపాధ్యాయుడు పాఠశాల ఉన్న ఊరి రైతుబజారు, పాలసేకరణ కేంద్రం, రేషన్ దుకాణం, మహిళల పొదుపు సంఘం వంటివాటిలో ఒకదాన్ని పరిశీలించి, దాని ఆధారంగా ఒక పాఠ్యపథకం తయారుచేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పిల్లల ఇళ్ల అప్పులు, ఆదాయాలు తరగతిలో ఉదాహరణలు కారాదు. పదిమంది ముందు తండ్రి కూలి చెప్పవలసి వచ్చిన పిల్లవాడు నేర్చుకునేది అర్థశాస్త్రం కాదు, అవమానం. ఊరి ఆర్థికవ్యవస్థను చర్చిస్తూనే కుటుంబాల గోప్యతను కాపాడటం ఉపాధ్యాయ శిక్షణ మాత్రమే నేర్పగల విచక్షణ.

6.3 అధ్యాపకులకు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులకు అనుసంధాన శిక్షణ

ఇప్పటికే వృత్తిలో ఉన్నవారిని సమీకృత కోర్సులు చేరవు. బి.ఎడ్. లేని జూనియర్ అధ్యాపకులకు అభ్యసన సమస్యలపై, అర్థశాస్త్రం చదవని స్కూల్ అసిస్టెంట్లకు మూలభావనలపై స్వల్పకాలిక శిక్షణ ఇవ్వవచ్చు. ఈ రెండు వర్గాలను ఒకే శిక్షణలో కూర్చోబెడితే ఒకరి లోటును మరొకరు తీర్చగలరు. పదవ తరగతిలో విద్యార్థి ఏ అభిప్రాయంతో బయటికి వెళ్తున్నాడో పాఠశాల ఉపాధ్యాయుడు చెబుతాడు. ఇంటర్‌లో ఆ అభిప్రాయం ఎక్కడ అడ్డుపడుతుందో అధ్యాపకుడు చెబుతాడు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• అర్థశాస్త్ర పట్టా, ఉపాధ్యాయ శిక్షణల సమన్వయాన్ని కోర్సు కాలవ్యవధి సమస్యగా మాత్రమే చూడటం సరికాదు. భావనల బోధనలో అవి కలవకపోతే నాలుగేళ్ల కోర్సు కూడా రెండు చదువులను పక్కపక్కన ఉంచినట్లే అవుతుంది.

• తెలుగు రాష్ట్రాల్లో ఉన్నత పాఠశాల, జూనియర్ కళాశాల అర్హతల మధ్య ఉన్న విభజన వల్ల విషయజ్ఞానం ఒకచోట, బోధనాశిక్షణ మరొకచోట నిలిచిపోతున్నాయి.

• ఒకే ప్రధాన విషయంతో డిగ్రీ చదివే విద్యార్థులకు ఉపవిషయ ఎంపిక ఉపాధ్యాయ అర్హతను ప్రభావితం చేస్తుంది. కళాశాలలు ప్రవేశాల సమయంలోనే ఈ సమాచారం అందించాలి.

• వాడుక తెలుగుకూ అర్థశాస్త్ర పరిభాషకూ మధ్య ఉన్న అర్థభేదాలు బోధనకు కీలకం. పెట్టుబడి, నిరుద్యోగం, వడ్డీ వంటి మాటలపై తరగతి ఆధారిత పరిశోధన తెలుగులో విస్తృతంగా జరగాలి. అర్థశాస్త్ర, విద్యాశాస్త్ర, తెలుగు శాఖల పరిశోధకులు కలిసి చేపట్టవలసిన పని ఇది.

పదవ తరగతితో చదువు ఆగిపోయే విద్యార్థికి సాంఘికశాస్త్రంలోని ఆ కొద్ది పాఠాలే జీవితంలో చదివే అర్థశాస్త్రమంతా. అతను రేపు రుణపత్రంపై సంతకం చేసేటప్పుడు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసుకోగలగాలి. రెండు చదువుల సమన్వయం ఎంతవరకు నెరవేరిందో కొలవడానికి అదే సరైన ప్రమాణం.